డైరెక్టర్ నుంచి వైస్ ప్రెసిడెంట్‌కి: గచ్చిబౌలిలో తీసుకున్న లీడర్‌షిప్ కోచింగ్ ఎలా ఉందంటే

పెద్ద కంపెనీలో డైరెక్టర్ దాకా పని బాగా చేస్తే చాలు, ఆ పైన లెక్క వేరు, అందుకే ఈ కోచింగ్‌లో చేరాను. నాకు బాగా పనికొచ్చింది ఒక సెషన్. బోర్డుకి ఇవ్వాల్సిన నా ప్రెజెంటేషన్ మొత్తం పక్కన పెట్టించి, ఎంత ఖర్చవుతుంది, ఎప్పటికి తిరిగొస్తుంది, తేడా కొడితే ఎక్కడ ఆపుతాం అన్న మూడు ముక్కలూ ఒకే పేజీలో రాయించారు, తర్వాత ఫైనాన్స్ వాళ్లు అడిగే ప్రశ్నలన్నీ కోచ్ గారే అడిగి చెమటలు పట్టించారు. సత్య నాదెళ్ల ఉదాహరణ కూడా సరిగ్గా వాడారు: 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరిన ఆయన 2014లో సీఈఓ అయ్యేలోపు బింగ్, సర్వర్ వ్యాపారం, క్లౌడ్ ఇలా వేర్వేరు విభాగాలు చూశారు. ఒకే టీమ్‌లో పాతుకుపోకుండా లాభనష్టాల బాధ్యత ఉన్న సీటు మనమే అడిగి తీసుకోవాలని అప్పుడే గట్టిగా అనిపించింది.

గ్రూప్ సెషన్లు మాత్రం దండగ. ఫీజూ ఎక్కువే, కంపెనీ కడితే సరే, సొంత డబ్బయితే విడి సెషన్లు మాత్రమే ఇస్తారేమో అడగండి. ప్రమోషన్ మీటింగ్‌లో మన తరఫున మాట్లాడే పెద్దవాళ్లను ఎలా సంపాదించుకోవాలో ఇంకాస్త చెప్పాల్సింది, అసలు నిర్ణయం జరిగేది అక్కడే కదా.