జోజిలా దాటి ద్రాస్ దాకా: శ్రీనగర్ టాక్సీ సర్వీసుతో మా ఒక రోజు

శ్రీనగర్‌లో మేం మాట్లాడుకున్న టాక్సీ సర్వీసుకి ఐదుకి నాలుగు ఇస్తున్నాను. లోటు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు చెప్పను.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటే చాలామందికి తెలుస్తుంది. సికింద్రాబాద్‌ ఈఎంఈ (సైన్యంలో బళ్లూ యంత్రాలూ బాగుచేసే విభాగం) సెంటర్లో ట్రైనింగ్ అయ్యాక ఇరవై రెండేళ్లు ట్యాంకుల రిపేర్లు చేసి హవల్దారుగా రిటైరయ్యాను. పంజాబ్, రాజస్థాన్ తిరిగాను గానీ కశ్మీర్ పోస్టింగ్ రాలేదు. 1948 యుద్ధంలో జనరల్ తిమ్మయ్యగారు ట్యాంకులు ఎక్కించిన జోజిలా కనుమ, శ్రీనగర్ నుంచి లద్దాఖ్ వెళ్లే దారిలోది, కళ్లారా చూడాలని అప్పటి కోరిక. మొన్న జూన్‌లో మా ఆవిడనీ, ఇంటర్ చదివే మనవడినీ తీసుకుని వెళ్లాను.

ఫోన్లో ఆఫీసువాళ్లు సోన్‌మార్గ్, జీరో పాయింట్, మంచులో ఫొటోలు అని మొదలుపెట్టారు. "నాకు మంచు వద్దు బాబూ, ద్రాస్ దాకా వెళ్లాలి, ఆపమన్నచోటల్లా ఆపాలి" అన్నాను. ఇన్నోవాకి పదకొండు వేలు చెప్పి పదికి ఒప్పుకున్నారు. డీజిలు, డ్రైవరు భోజనం అందులోనే. దిగేటప్పుడు ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి బండి గుమ్మం ముందుంది. 2025 జనవరిలో తెరిచిన సోన్‌మార్గ్ సొరంగం దాటాక బాల్తాల్ పైనుంచి ఘాట్ మొదలైంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, కింద బురద. మా ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంది. డ్రైవరు ఎదురు లారీకి దారివ్వడానికి ఆగి, మళ్లీ ఫస్ట్ గేరులో కదిలించాడు. ఇంజను మూలుగు వింటూనే ఉన్నాను. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి బండి బలం తగ్గుతుంది. ఇప్పటి టర్బో డీజిలుకే ఇలా ఉంటే, 1948లో ఆ స్టూవర్ట్ ట్యాంకుల పెట్రోలు ఇంజన్లు, పద్నాలుగు పదిహేను టన్నుల బరువుతో, ఈ ఎత్తు ఎలా లాగాయో!

అక్కడే బండి ఆపించి మనవడికి చెప్పాను. అప్పటికి జోజిలా పాకిస్తాన్ వైపు శత్రువు చేతిలో ఉంది, లేహ్‌కి దారి తెగిపోయింది. సెప్టెంబర్లో పదాతి దళంతో చేసిన దాడులు ఫలించలేదు. మేజర్ జనరల్ తిమ్మయ్య ట్యాంకులు తెప్పిద్దామన్నారు. పదకొండున్నర వేల అడుగుల ఎత్తుకి ట్యాంకు వస్తుందని ఎవరనుకుంటారు? సెవెన్త్ కావల్రీ అనే ట్యాంకుల రెజిమెంట్ వాళ్లు టరెట్లు (ట్యాంకు పైన ఫిరంగి ఉండే భాగం) ఊడదీసి, టార్పాలిన్లు కప్పి, ఎవరి కంటా పడకుండా శ్రీనగర్ దాటించారు. బాల్తాల్ నుంచి పైకున్న కంచరగాడిదల బాటని మద్రాస్ సాపర్లు, అంటే సైన్యంలో దారులూ వంతెనలూ వేసే ఇంజనీర్లు, ట్యాంకు పట్టేలా వెడల్పు చేశారు. ఆ సాపర్లలో మన తెలుగువాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు.

"టరెట్ ఊడదీస్తే మళ్లీ బిగించడం కష్టమా తాతయ్యా?" అన్నాడు వాడు. వర్క్‌షాపులో క్రేను ఉంటేనే ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసే పని అది. చలిలో పానా పట్టుకుంటే వేళ్లు అతుక్కుపోతాయి. బిగించినవాళ్ల పేర్లు పుస్తకాల్లో దొరకవు, నేను తలుచుకునేది వాళ్లనే.

1948 నవంబర్ 1న మంచు పడుతుండగా ట్యాంకులు కనుమలోకి దూరాయి. తిమ్మయ్యగారు ముందు ట్యాంకులోనే ఉన్నారు. డివిజన్ కమాండర్ అంతటి మనిషి వెనక ఉండి వైర్‌లెస్‌లో వినొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ఆయన మాత్రం ముందు కూర్చున్నారు. నా మట్టుకు నాకు జనరల్ అంటే ఆయనే. అదే నెలలో ద్రాస్, కార్గిల్ మన చేతికొచ్చాయి. ట్యాంకుల దళాన్ని నడిపిన రాజిందర్ సింగ్ స్పారోకి మహావీర చక్ర వచ్చింది.

డ్రైవరుకి హిందీలో చెబుతుంటే "హవల్దార్ సాబ్, రోజూ ఈ దారినే తిరుగుతాను, ఇది నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. ఆ తర్వాత నేను అడక్కుండానే గుమ్రీ దగ్గర ఆపి టీ తాగించాడు. తిమ్మయ్యగారి మిగతా కథ దారిలో చెప్పాను: బర్మాలో కంగా దగ్గర హైదరాబాద్ రెజిమెంట్ ఎనిమిదో బెటాలియన్ని నడపడం (అదే ఇప్పటి కుమావ్ రెజిమెంట్), 1948 మేలో వైమానిక దళం మెహర్ సింగ్ నడిపిన డకోటా విమానంలో లేహ్‌లో దిగడం, కొరియా యుద్ధ ఖైదీల వ్యవహారం చూడడం, 1957 నుంచి 61 దాకా సైన్యాధిపతి పదవి, చివరికి 1965 డిసెంబర్లో సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి దళాన్ని నడుపుతూనే కన్నుమూయడం.

ద్రాస్‌లో తోలోలింగ్ కింద కార్గిల్ స్మారకం దగ్గర రెండు గంటలున్నాం. డ్రైవరు ఒక్కసారి కూడా హారన్ కొట్టి తొందరపెట్టలేదు.

ఇక లోటు. బండిలో ఆక్సిజన్ డబ్బా ఉంటుందని ఫోన్లో గట్టిగా చెప్పారు. గుమ్రీలో మా ఆవిడకి తలపోటు వచ్చి అడిగితే డిక్కీలో లేదు. డ్రైవరు తప్పు కాదది, పాపం ఆఫీసుకి ఫోన్ చేద్దామన్నా సిగ్నల్ లేదు. టీ తాగి కాసేపు కూర్చుంటే సర్దుకుంది గానీ ఆ పది నిమిషాలు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మాటిచ్చిన వస్తువు బండిలో ఉండాలి. మీరు ఎవరి బండి మాట్లాడుకున్నా, బయల్దేరేముందు డిక్కీ తెరిపించి మీ కళ్లతో చూసుకోండి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒకటి ఉంచుకోండి. ఆధార్ కార్డు చేతిలో పెట్టుకోండి. కనుమ మీద వాహనాలు వదిలే వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు రాత్రే డ్రైవరుతో అడిగించుకోండి.