‘హెల్తీ ఏజింగ్’ ప్యాకెట్లు ఆరు నెలలు వాడాను, ఇదీ నా రివ్యూ

ఐదుకి రెండు స్టార్లు. ఆ రెండూ ఎందుకిచ్చానో, మూడు ఎందుకు కోశానో చెప్తాను. కంపెనీ పేరు మాత్రం రాయను, ఎందుకంటే ఇదే సరుకు ఇవే మాటలతో ఇంకా చాలామంది అమ్ముతున్నారు, మీరు ఎవరి దగ్గర కొన్నా డబ్బా వెనకవైపు ఏం చదవాలో చెప్పడమే నాకు ముఖ్యం.

నాకు 54 ఏళ్లు. అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగాక ఆమెను లేపి కూర్చోబెట్టే పని కొన్నాళ్లు నాదే అయింది. అప్పుడు చేతికి తగిలిన ఆ కరిగిపోయిన కండ నన్ను చాలా భయపెట్టింది. రేపు నా పరిస్థితీ ఇంతేనా అని టెన్షన్ పడుతున్న రోజుల్లోనే ఫోన్‌లో ఈ ప్రకటన కనిపించింది: నెలకు 30 ప్యాకెట్లు, రోజుకొకటి, ఒక్కో దాంట్లో ఏడు మాత్రలు, మొదట్లో ఒకసారి, ఆరు నెలలయ్యాక ఇంకోసారి ‘బయలాజికల్ ఏజ్’ టెస్ట్, అంటే పుట్టిన తేదీతో కాకుండా ఒంటి తీరును బట్టి వయసు చెప్పేది. చేరిపోయాను.

డెలివరీ గురించి ఫిర్యాదేమీ లేదు. టైముకే వచ్చేది, మాత్రలు మింగడం తేలిక, చేప నూనె తేన్పులు కూడా రాలేదు.

అసలు గొడవ లోపలి సరుకుతోనే. వీళ్ల ప్రచారమంతా ఎన్‌ఎంఎన్ అనే పదార్థం చుట్టూ తిరుగుతుంది. మన కణాల్లో శక్తి తయారీకి కావలసిన ఎన్‌ఏడీ అనే పదార్థం వయసుతో తగ్గుతుందని, ఎన్‌ఎంఎన్ తీసుకుంటే పెరుగుతుందని అంటారు. రక్తంలో పెరగడం వరకు మనుషుల మీద చేసిన పరీక్షల్లో కనబడింది, అది అబద్ధం కాదు. కానీ పెరిగాక మనిషికి ఒరిగేదేంటి? కంపెనీ సైట్‌లో గొప్పగా పెట్టుకున్న 2021 నాటి పరిశోధన నేను కూర్చుని చదివాను. ప్రీడయాబెటిస్ (షుగర్ వ్యాధికి ముందు దశ) ఉన్న, నెలసరి ఆగిపోయిన 25 మంది ఆడవాళ్లు, పది వారాలు, రోజుకు 250 మిల్లీగ్రాములు. కండరాలు ఇన్సులిన్‌కు స్పందించే తీరు కాస్త మెరుగైంది, బరువు, బీపీ లాంటివి మారలేదు. మంచి పరిశోధనే, కాకపోతే 25 మందితో పది వారాలు చేసిన దాన్ని పట్టుకుని ‘వయసు వెనక్కి తిప్పండి’ అని డబ్బా మీద అచ్చేయడం ఎలా కుదురుతుంది?

ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ సంగతి ఇంకా పాతది. కొవ్వు తిండి పెట్టిన ఎలుకలు దీనితో ఎక్కువకాలం బతికాయని 2006లో వచ్చింది. 2008లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ ఈ దారిలో మందులు చేస్తున్న సర్‌ట్రిస్ అనే కంపెనీని 72 కోట్ల డాలర్లకు కొని, 2013లో దాని ఆఫీసు మూసేసింది. అమెరికాలో మూడు ల్యాబుల్లో ఒకేసారి ఎలుకల మీద పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమం ఒకటుంది, అక్కడ మామూలు తిండి తినే ఎలుకలకు రెస్వెరట్రాల్ ఆయుష్షేమీ పెంచలేదు. ఇదంతా తెలిసి ఇన్నేళ్లయ్యాక కూడా నా ప్యాకెట్‌లో అది ఉంది.

నాలుగో నెలలో టారిన్ (మన ఒంట్లోనూ తయారయ్యే ఒక అమైనో ఆమ్లం) కలిపామంటూ రేటు పెంచారు. వయసుతో టారిన్ తగ్గుతుందని, ఇస్తే ఎలుకలు ఎక్కువ బతికాయని 2023లో పెద్ద వార్త అయిన మాట నిజం. 2025లో వేరే శాస్త్రవేత్తలు మనుషుల్లో, కోతుల్లో, ఎలుకల్లో కొలిచి చూస్తే తగ్గడం లేదు సరికదా, చాలా గుంపుల్లో పెరుగుతోందని తేలింది. అప్పుడు నా పెరిగిన రేటు ఎవరైనా తగ్గించారా? లేదు.

ఇక మోతాదులు. క్రియాటిన్ (కండరాలకు శక్తినందించే పదార్థం) ఉందని చూసి నేను నిజంగా సంతోషపడ్డాను, ఎందుకంటే బరువులతో వ్యాయామం చేసే పెద్దవాళ్లకు కండ, బలం కొంచెం ఎక్కువగా పెరగడానికి అది పనికొస్తుందని చాలా పరీక్షల్లో వచ్చింది. ఆ పరీక్షల్లో వాడేది సాధారణంగా రోజుకు 3 నుంచి 5 గ్రాములు. నా ప్యాకెట్‌లో ఉన్నది 250 మిల్లీగ్రాములు. కొలాజెన్ (చర్మం, కీళ్లలో ఉండే ప్రొటీన్) కూడా అంతే, పరీక్షల్లో గ్రాముల లెక్క, ఇక్కడ అర గ్రాము. మిగతా మూలికల సారాలు అన్నీ కలిపి ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ అని ఒకే అంకె వేశారు, అందులో ఏది ఎంతో రాయలేదు. ఏది ఎంతుందో చెప్పనివాళ్లకు మన ఒంట్లోకి మాత్ర పంపే హక్కు లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు మూడో స్టార్ ఎందుకు పోయిందో చెప్తాను, మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. ఐదో నెలలో మామూలుగా చేయించుకునే రక్తపరీక్షల్లో నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) బాగా తక్కువగా, టీ4 (థైరాయిడ్ విడుదల చేసే హార్మోన్) ఎక్కువగా వచ్చింది. అంటే థైరాయిడ్ మితిమీరి పనిచేస్తోందని అర్థం. గుండె దడ లేదు, బరువు తగ్గలేదు, ఏమీ లేదు, రిపోర్టు మాత్రం అలా ఉంది, రెండు రాత్రులు నిద్రపోలేదు. డాక్టర్ గారు మందు రాయబోయేముందు “ఏమైనా సప్లిమెంట్లు వాడుతున్నారా అమ్మా?” అని అడిగారు. ఖాళీ ప్యాకెట్ బ్యాగులోంచి తీసి ఇచ్చాను. బయోటిన్ అనే బి విటమిన్ 10 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు, అంటే 300 రెట్లకు పైగా నేను మింగుతున్నాను, జుట్టు కోసమట. చాలా ల్యాబ్ మెషీన్లు పరీక్షలో బయోటిన్‌నే జిగురులా వాడతాయి, రక్తంలో అది ఎక్కువైతే లెక్క తప్పుతుంది. నాలుగు రోజులు ఆపి మళ్లీ చేయిస్తే అంతా నార్మల్.

నాది థైరాయిడ్ కాబట్టి సరిపోయింది. గుండెపోటును పసిగట్టే ట్రోపోనిన్ పరీక్షలో ఇదే బయోటిన్ వల్ల ఫలితం తక్కువగా రావచ్చని, అలా వచ్చిన ఒక రోగి చనిపోయారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. ప్యాకెట్ మీద దీని గురించి ఒక్క ముక్క లేదు. నేను మెయిల్ పెడితే ‘మా ఉత్పత్తి సహజమైనది, సురక్షితమైనది’ అని జవాబొచ్చింది.

వయసు టెస్ట్ గురించి కూడా చెప్పాలి. మొదటిసారి 58 వచ్చింది, ఆరు నెలలకు 53, అభినందనలతో ఒక సర్టిఫికెట్ పంపారు. నాకు నమ్మకం కుదరక అదే రోజు తీసిన నా శాంపిల్‌నే ఇంకో కిట్‌లో కూడా పంపి ఉన్నాను, దాంట్లో 57 వచ్చింది. ఒకే మనిషి, ఒకే రోజు, నాలుగేళ్ల తేడా. తర్వాత చదివితే తెలిసింది, డీఎన్‌ఏ మీది గుర్తులు చూసి వయసు చెప్పే ఈ లెక్కల్లో, ఒకే శాంపిల్‌ను రెండుసార్లు కొలిస్తే 9 ఏళ్ల దాకా తేడా రావచ్చని 2022లోనే పరిశోధకులు చూపించారు.

మరి రెండు స్టార్లు దేనికి? ఒకటి ఒమేగా-3కి: అందులోని రెండు రకాల కొవ్వులు ఈపీఏ ఎంత, డీహెచ్‌ఏ ఎంత అని విడివిడిగా రాశారు, మొత్తం ఒక గ్రాము దాకా ఉంది. డూ-హెల్త్ అనే యూరప్ పరీక్షలో రోజుకు ఒక గ్రాము ఒమేగా-3 మూడేళ్లు తీసుకున్నవాళ్లలో ఇలాంటి డీఎన్‌ఏ వయసు లెక్కలు, అంటే వయసు గడియారాలు, మూడు నాలుగు నెలలు నెమ్మదించాయని 2025లో వచ్చింది. చిన్న లాభమే, కానీ వందల మంది సగటు మీద తీసిన లెక్క, నా ఒక్కదాని కిట్ లాంటిది కాదు. రెండోది విటమిన్ డి 2000 ఐయూకి, అది కూడా నాకు నిజంగా తక్కువ ఉంది కాబట్టి. తక్కువ లేనివాళ్లు దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు, వైటల్ అనే పరీక్షలో 25,871 మందిని ఐదేళ్లకు పైగా చూస్తే అదే మోతాదు క్యాన్సర్‌నీ గుండెజబ్బునీ ఆపలేదు, ఎముకలు విరగడమూ తగ్గలేదు.

సబ్‌స్క్రిప్షన్ ఆపడానికి మూడు మెయిళ్లు, ఒక ఫోన్ కాల్ పట్టింది. ఇప్పుడు విటమిన్ డి, ఒమేగా-3 విడిగా కొంటున్నాను, క్రియాటిన్ పొడి రోజుకు 3 గ్రాములు నీళ్లలో కలుపుకుంటున్నాను. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త పెరిగినట్టు కనబడొచ్చు కాబట్టి ఆ సంగతి ముందే డాక్టర్ గారికి చెప్పి ఫైల్‌లో రాయించాను. అమ్మకి ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వ్యాయామాలు నేనూ పక్కనే నిలబడి చేస్తున్నాను, నిన్న ఆమె చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఆరుసార్లు లేచింది. ఆ ప్యాకెట్లు ఇంకా పదకొండు మిగిలాయి, వాపసు తీసుకోమంటే తీసుకోలేదు.