అమీర్‌పేటలో ‘మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్’ కొనబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఇప్పుడే అక్కడో సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ నుంచి వచ్చా, ఇంకా ఒళ్లు మండిపోతోంది. పేరు రాయను. జావా ఫుల్‌స్టాక్, ‘హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్’ బోర్డు, ఎప్పుడూ పనిచేయని లిఫ్టు అంటే వెళ్లినవాళ్లకు ఈపాటికి అర్థమైపోయుంటుంది.

మా తమ్ముడికి ముందు కోర్సు ఫీజు, ఆపైన ‘ప్యాకేజీ’ అంటగట్టారు. అంటే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ రెజ్యూమె, ఊరూ పేరూ లేని కంపెనీ ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, మాక్ ఇంటర్వ్యూలు. లక్ష ఫోన్‌పే చేసింది నేనే. దానకర్ణుణ్ణి కదా!

ఆ తర్వాత ఏ కంపెనీకి వెళ్లినా టెక్నికల్ రౌండే ఆఖరు. కారణమేంటని సెంటర్‌వాళ్లను అడిగితే ప్రతిసారీ ఒకటే పాట, వాడి కమ్యూనికేషన్ బాలేదట. దానికి ఇంకో కోర్సు ఉందట! మొన్న హాస్టల్లో వాడి ఇంటర్వ్యూ కాల్ పక్కనే కూర్చుని విన్నా. స్ప్రింగ్ బూట్ (జావాలో వాడే ఫ్రేమ్‌వర్క్) ప్రశ్నలకు గడగడా చెప్పాడు. అవతలాయన ‘రాత్రిపూట ప్రొడక్షన్‌లో సర్వీస్ పడిపోతే ముందు ఏం చూసేవారు? కోడ్ రివ్యూ ఎవరు చేసేవారు?’ అన్నాడు. అంతే, మావాడికి మాట పడిపోయింది. చేసుంటే కదా చెప్పడానికి. ఆయన కోప్పడను కూడా లేదు. ‘ఈ బ్యాంకింగ్ ప్రాజెక్టు ఈ వారంలోనే ఇంకొకరు చెప్పారండీ’ అని కాల్ పెట్టేశాడు. వాడి బ్యాచ్‌మేట్ రెజ్యూమె తెప్పించి చూస్తే లైను లైనూ అదే, ‘మేనేజ్‌మెంట్’ స్పెల్లింగ్ తప్పుతో సహా.

ఇవాళ అదే అడుగుదామని వెళ్లాం. కొత్త బ్యాచ్‌కి డెమో నడుస్తోంది. సారుగారు మైకు కూడా దించకుండా, ‘చూడండి, అన్నను వెంటేసుకుని వచ్చేవాడు ఇంటర్వ్యూలో ఏం మాట్లాడతాడు? ఇలాంటోళ్లకి దేవుడు దిగొచ్చినా జాబ్ రాదు’ అన్నాడు. హాలంతా నవ్వు. మావాడు చెప్పుల వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఆ మైకులోనే కదా వీణ్ణి చేర్చుకున్న రోజు ‘నీది నా పూచీ’ అన్నది! డబ్బు వెనక్కిమ్మంటే కౌంటర్లో అమ్మాయి రసీదు మీద వేలు పెట్టి చూపించింది: ‘స్టడీ మెటీరియల్, నాన్ రిఫండబుల్’. లక్ష రూపాయల మెటీరియల్ అంటే స్పైరల్ బైండింగ్ జెరాక్స్ పుస్తకాలు రెండు.

కట్టేముందు రసీదులో దేనికని రాస్తున్నారో చదవండి. ఒకవేళ ఇంటర్వ్యూ గట్టెక్కినా కంపెనీవాళ్లు వెరిఫికేషన్‌లో యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు) అడిగి పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తారు. లేని కంపెనీ అందులో ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫ్రెషర్‌గా వెళ్లడమే నయం. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి చేద్దామంటే, దొంగ పేస్లిప్పులు కొన్నామని మన నోటితో మనమే చెప్పాలి. వాళ్ల ధీమా అంతా అదే.