గోడ తెరవకముందే ధర చెప్పిన ప్లంబర్: 5 నక్షత్రాలకి 4

వాష్ బేసిన్ కింద గోడకు చెమ్మ పట్టి అప్పటికి నాలుగు నెలలు. మొదట వచ్చిన ప్లంబర్ "అంతా కలిపి ఇంత" అని ఒక అంకె చెప్పి, కుళాయి మొత్తం మార్చేసి వెళ్లిపోయాడు. అందులో సామాను ఎంత, కూలి ఎంత అని అడిగితే చెప్పలేదు. నెల తిరగకుండా అదే చోట మళ్లీ చెమ్మ. ఫోన్ చేస్తే, మళ్లీ రావాలంటే మళ్లీ ఛార్జీ అన్నాడు. అందుకే ఇంకొకరిని పిలవాలంటే చాలా టెన్షన్ పడ్డాను.

నేను ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో లెక్కలు చూస్తాను. ఏ పనికి ఎంత అడగాలన్నది రోజూ తేల్చాల్సిన విషయమే. అందుకే ఇక్కడ పనితనం కంటే ధర గురించే ఎక్కువ రాస్తున్నాను.

రెండో ప్లంబర్ ఫోన్‌లోనే విజిటింగ్ ఛార్జీ చెప్పేశాడు. పని తనకే ఇస్తే బిల్లులో ఆ మొత్తం తగ్గిస్తానని, ఇవ్వకపోతే అది మాత్రం తీసుకుంటానని అన్నాడు. వచ్చాక ముందుగా సంచి కూడా విప్పలేదు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టించి మీటర్ దగ్గర కూర్చున్నాడు. అందులో చిన్న చక్రం మెల్లగా తిరుగుతూనే ఉంది. బాత్‌రూమ్ లైనుకు నీళ్లు ఆపే గేట్ వాల్వ్ కట్టగానే ఆగిపోయింది. లీకు ఏ లైన్లో ఉందో పది నిమిషాల్లో తేలిపోయింది. విజిటింగ్ ఛార్జీ దేనికి ఇవ్వాలో నాకు అప్పుడు అర్థమైంది. తప్పు ఎక్కడుందో కనిపెట్టడమే సగం పని. మొదటిసారి ఆ సగం జరగలేదు.

తర్వాత కాగితం మీద రెండు ధరలు రాశాడు. లీకు బయటి జాయింటులో ఉంటే ఒకటి, గోడ కొట్టాల్సి వస్తే ఇంకొకటి. దాని కింద "టైల్స్ మళ్లీ వేయడం ఇందులో లేదు" అని విడిగా రాసి, నాతో చదివించాడు. గోడ లోపల ఏముందో ఎవరికీ ముందే తెలియదు. అలాంటప్పుడు ఒకే అంకె చెప్పేవాడు భయంతో ఎక్కువైనా చెప్పాలి, తక్కువ చెప్పి మధ్యలో పెంచనైనా పెంచాలి. రెండు ధరలు ఉంటే ఆ పేచీ రాదు.

కవర్ ప్లేటు తీసి, కొద్దిగా ప్లాస్టర్ గీకితే తప్పు దొరికింది. పైపు మలుపు దగ్గర వేసే ప్లాస్టిక్ ఎల్బోలోకి, బేసిన్‌కు నీళ్లు ఆపే ఇత్తడి యాంగిల్ వాల్వ్ మరను టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి బలంగా బిగించారు. ఆ ఒత్తిడికి ఎల్బో అంచు వెంట్రుకంత సన్నగా చీలింది. టార్చి వేసి చూపిస్తే, చీలిక మీద నీటి బొట్టు మెల్లగా ఊరి జారడం కళ్లారా చూశాను. దాని బదులు లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బో వేశాడు. జిగురు ఎంతసేపు ఆరాలో డబ్బా మీద చూపించి, అంతవరకూ నీళ్లు వదలలేదు. ధర పనికి గానీ గంటలకు కాదు కాబట్టి, ఆ ఆగిన సమయం నా బిల్లులో పడలేదు.

చేతులు పెట్టి చేసిన పని మొత్తం ముప్పావు గంట. బిల్లు చూడగానే ముప్పావు గంటకి ఇంతా అనిపించిన మాట నిజం. కానీ మా ప్రెస్ లెక్కలోనే వేసి చూశాను. అతను రోజుకు ఎనిమిది గంటలు తిరిగితే, దారి, సామాను కొనడం, ఫోన్లు, ఊరికే చూసి రావడం పోగా డబ్బు వచ్చే పని నాలుగు గంటలు అనుకుందాం. రోజు ఖర్చును ఎనిమిదితో కాదు, నాలుగుతో భాగించాలి. అక్కడే గంట ధర రెట్టింపవుతుంది. బండి, పనిముట్లు, పని దొరకని రోజులు, గ్యారంటీ కింద ఉచితంగా మళ్లీ వచ్చే రోజులు కూడా ఆ నాలుగు గంటల మీదే పడాలి. అలా వేస్తే అతను అడిగింది న్యాయమే.

సామాను మీద మాత్రం షాపు ధర కంటే సగం ఎక్కువ వేశాడు. అడిగాను. "ఈ ముక్క సంవత్సరం లోపు పాడైతే సామాను, కూలీ రెండూ నావేనమ్మా" అన్నాడు. 100కి కొన్నది 150కి అమ్మితే మిగిలేది అమ్మకంలో మూడో వంతు. ఆ హామీ అందులోంచే రావాలి. ఒప్పుకున్నాను. కానీ ఆ హామీ నేను అడిగాకే బిల్లు మీద రాశాడు. అడక్కుండానే రాయాలి.

మా మరిది బేరమాడమంటే ఆడాను. "తగ్గిస్తానమ్మా, పని కూడా తగ్గిస్తాను. పాత యాంగిల్ వాల్వ్ ఇంకా బాగానే ఉంది, కొత్తది వద్దంటే లెక్కలోంచి తీసేస్తా" అన్నాడు. తీసేయించాను. ఊరికే తగ్గించి ఉంటే, మొదట చెప్పిన ధర అబద్ధమని అర్థం వచ్చేది.

ఒక నక్షత్రం తగ్గించింది రాత్రి పని గురించి. అర్ధరాత్రి పైపు పగిలితే ఎంతని అడిగితే "అప్పటి పరిస్థితిని బట్టి" అన్నాడు. నిద్ర మానుకుని వచ్చేవాడికి ఎక్కువ ఇవ్వడం సబబే. కానీ ఇంట్లో నీళ్లు పారుతున్నప్పుడు ఎవరూ బేరమాడలేరు. ముందే రాసి ఉండాల్సిన ధర ఏదైనా ఉందంటే అదే. ఆ మాట అతనికి చెప్పాను, కార్డు మీద రాయిస్తానన్నాడు.

మూడు వారాలయింది. రోజూ పొద్దున్నే ఆ జాయింటు కింద టిష్యూ కాగితం పెట్టి చూస్తున్నాను. పొడిగానే ఉంది. రాత్రి రేటు రాసిన కార్డు చూసిన రోజున ఆ మిగిలిన నక్షత్రం కూడా ఇస్తాను.