విజయనగరం హాఫ్ మారథాన్ పేసర్లు: 2:30 గ్రూపులో పరిగెత్తాక నా రివ్యూ

హాఫ్ మారథాన్‌కి పేరు ఇచ్చేసి టైమ్ గురించి టెన్షన్ పడుతున్నవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను, మన విజయనగరంలో రన్నర్లే వాలంటీర్లుగా చేస్తున్న పేసింగ్ చాలా బాగుంది, ఆలోచించకుండా చేరిపోండి. రూపాయి తీసుకోరు. రేసు రోజు మాత్రమే వచ్చి జెండా పట్టుకుని నిలబడే రకం కాదు, నెలల ముందు నుంచీ మనతో పాటు చీకట్లో లేచి వస్తారు. నేను 2:30 గ్రూపులో, అంటే రెండున్నర గంటల్లో పూర్తి చేసే గుంపులో ఉన్నాను కాబట్టి ఎక్కువ దాని గురించే రాస్తాను, 2:00, 2:15 వాళ్ళ గురించి అందులో పరిగెత్తిన స్నేహితులు చెప్పింది, దారిలో నేను చూసింది మాత్రమే రాస్తాను.

పేసర్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. వీపుకి చిన్న జెండా కట్టుకుని, దాని మీద రాసిన టైమ్‌కి ఫినిష్ లైన్ దాటేలా మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో పరిగెత్తే మనిషి. మనం ఆయన వెనకో ఆమె వెనకో ఉంటే చాలు, లెక్కలు వాళ్ళు చూసుకుంటారు. హాఫ్ మారథాన్ 21.0975 కిలోమీటర్లు, దాన్ని రెండున్నర గంటల్లో చేయాలంటే కిలోమీటరుకి 7 నిమిషాల 6 సెకన్లు పడుతుంది. 2:15కి 6:24, 2:00కి 5:41. కాగితం మీద ఇంతే. కానీ ఆ 7:06ని ఉత్సాహం పొంగిపోతున్న మొదటి కిలోమీటరులోనూ, కాళ్ళు మొద్దుబారిపోయిన పంతొమ్మిదో కిలోమీటరులోనూ ఒకేలా పట్టుకోవడం చేతికి వాచీ ఉన్నా కొత్తవాళ్ళకి కుదరదు.

అందుకే పేసర్ తన సొంత వేగం కంటే బాగా నెమ్మదిగా పరిగెత్తే గ్రూపుకే ఉండాలి. మా 2:30 పేసర్ మేడమ్ ఒంటరిగా వదిలేస్తే 2:10 లోపే చేసేస్తారు, కాబట్టి దారంతా మాట్లాడుతూ, వెనక్కి తిరిగి చూస్తూ, ఎవరి ముఖం ఎలా ఉందో గమనిస్తూ రాగలరు. అంటే ఏడాదంతా కష్టపడి సాధించుకున్న తన టైమ్‌ని ఆ రోజుకి పక్కన పెట్టేసి మన టైమ్ కోసం పరిగెత్తుతున్నారన్నమాట. 2019లో వియన్నాలో కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగే 1:59:40కి మారథాన్ దూరం పూర్తి చేసినప్పుడు 41 మంది పేసర్లు వంతులవారీగా మారుతూ ఆయన చుట్టూ పరిగెత్తారు, వాళ్ళంతా ప్రపంచ స్థాయి అథ్లెట్లు. అంతటి ఆయనకే పక్కన మనుషులు కావాల్సి వచ్చినప్పుడు ఇల్లూ ఉద్యోగం చూసుకుని తెల్లవారుజామున గంట దొరికితే పరిగెత్తే మనకి అక్కర్లేదని ఎలా అనుకుంటాం?

చేరడం సులువు. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే ముందు ఒకే ప్రశ్న అడుగుతారు, మీ 10 కిలోమీటర్ల టైమ్ ఎంత అని. ఆ నిమిషాలని 2.2తో గుణిస్తే దాదాపు మీ హాఫ్ టైమ్ వస్తుంది. 54 నిమిషాల్లో 10 చేసేవాళ్ళకి 2:00, 61 వాళ్ళకి 2:15, 68 వాళ్ళకి 2:30. లాంగ్ రన్‌లు చేసి ఉంటేనే ఈ లెక్క పని చేస్తుంది, వారమంతా ఐదేసి కిలోమీటర్లు పరిగెత్తి ఆగిపోయేవాళ్ళకి కాదు, ఆ సంగతి కూడా మొహమాటం లేకుండా చెప్తారు. 75 నిమిషాలకి 10 చేస్తున్న ఒకాయన తనకి 2:15 గ్రూపే కావాలని పట్టుబడితే, "మేస్టారూ, ఈసారికి 2:45 అనుకుని దిగండి, నవ్వుతూ వస్తారు" అని పేసరే ఫోన్ చేసి నచ్చజెప్పారు. నాకు ఈ నిజాయితీ చాలా నచ్చింది.

ఆదివారం లాంగ్ రన్ విజ్జీ స్టేడియం నుంచి మొదలు. అక్కడికి పొద్దున్నే వచ్చేవాళ్ళలో సగం మంది సెలక్షన్ల కుర్రాళ్ళే. మన ఉత్తరాంధ్రలో పరుగంటే ముందు గుర్తొచ్చేది అదే కదా, ఆర్మీ, కానిస్టేబుల్, తెల్లారకముందే రోడ్ల మీద గుంపులు గుంపులుగా. కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తవ్వాలి, అంటే కిలోమీటరుకి 5 నిమిషాలు. మన కుర్రాళ్ళు అంతకంటే చాలా ముందే చేసేస్తారు. వాళ్ళలో చాలామంది హాఫ్ మారథాన్‌కి కూడా అదే ఊపుతో దిగిపోతారు, ఏడెనిమిది కిలోమీటర్లు వెనక్కి చూడకుండా పోయి పదమూడు పద్నాలుగు దగ్గర రోడ్డు పక్కన నడుస్తూ కనిపిస్తారు. బలం లేక కాదు. 1600 మీటర్లకి ఉన్నదంతా పెట్టేయాలి, 21 కిలోమీటర్లకి దాచుకోవాలి, ఆ దాచుకోవడం వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. 2:00 గ్రూపులో ఇలాంటి కుర్రాళ్ళనే ఒక రిటైర్డ్ జవాను దగ్గరికి తీసి నేర్పిస్తున్నారు. ఆయన మాట వాళ్ళు వింటారు, ఎందుకంటే ఆయనా ఇలాంటి గ్రౌండ్లలో పరిగెత్తే సైన్యంలోకి వెళ్ళారు. ఈ ఒక్క పనికైనా ఈ గ్రూపుని మెచ్చుకోవాలి.

ఇక రేసు సంగతి. కోట దగ్గర మొదలై నెల్లిమర్ల వైపు వెళ్ళి అదే దారిలో తిరిగి రావడం. మొదలుపెట్టేటప్పటికి ఇంకా చీకటే. మేడమ్ మొదట మా అందరినీ దగ్గరికి పిలిచి చెప్పింది టైమ్ ఎప్పటి నుంచి లెక్క అని. బిబ్బు, అంటే చొక్కాకి పెట్టుకునే నంబరు కాగితం, దాని వెనక ఉండే చిప్ మనం స్టార్ట్ లైన్ మ్యాట్ దాటినప్పటి నుంచి లెక్కేస్తుంది, గన్ టైమ్ అయితే విజిల్ ఊదినప్పటి నుంచే. వెనక వరసలో నిలబడితే రెండిటికీ నిమిషం పైనే తేడా వచ్చేస్తుంది. తను చిప్ టైమ్‌కే పరిగెత్తుతున్నానని, తనకంటే వెనక దాటినవాళ్ళు కంగారు పడి పట్టుకోవడానికి పరిగెత్తొద్దని స్పష్టంగా చెప్పారు. ఈ రెండు నిమిషాల మాట చాలా రేసుల్లో ఏ పేసరూ చెప్పరు.

మొదటి ఐదు కిలోమీటర్లలోనే పేసర్ విలువ తెలుస్తుందని నా గట్టి అభిప్రాయం. అందరూ చివర్లో లాగుతారని అనుకుంటారు కానీ అసలు పని మొదట్లో ఆపడం. విజిల్ పడగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా మనల్ని దాటి పోతుంటే కాళ్ళు వాటంతట అవే తొందరపడతాయి. మేడమ్ మాత్రం ఉన్నచోటే ఉన్నట్టు నింపాదిగా. మాలో ఒకమ్మాయి ముందుకి పోతుంటే, "ఏటమ్మా, అప్పుడే తొందరేటి? నాతో మాటాడుకుంటూ రా, పదిహేను దాటాక నువ్వే ముందుండు" అని వెనక్కి పిలిచారు. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నామంటే వేగం ఎక్కువైనట్టే అని ఆవిడ పరీక్ష, వాచీ కంటే అదే నమ్ముతారు. ఐదో కిలోమీటర్ బోర్డు దగ్గర ముప్పై అయిదున్నర నిమిషాలు, ఉండాల్సినంత. అప్పటికి మమ్మల్ని దాటిపోయినవాళ్ళలో ఎంతమందిని తిరుగు ప్రయాణంలో మేం దాటామో చూస్తే ఆ ఓపిక ఎందుకో అర్థమవుతుంది.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది, ఉక్క. సముద్రం దగ్గర్లోనే కాబట్టి చలికాలంలో కూడా గాలిలో తేమ ఎక్కువ, చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అదే వేగంతో పరిగెత్తుతున్నా పదో కిలోమీటర్ దాటాక గుండె ఇంకా గట్టిగా కొట్టుకోవడం మొదలవుతుంది, ఎండ ఎక్కితే ఇంకా. వేరే చోట నుంచి డౌన్‌లోడ్ చేసుకున్న ప్లాన్లలో ఇది ఉండదు. మన పేసర్లు ఇదే ఊళ్ళో పరిగెత్తేవాళ్ళు కాబట్టి వాళ్ళకి తెలుసు, ప్రతి నీళ్ళ పాయింట్ దగ్గరా ఇరవై అడుగులు నడిపించి తాగించారు, ఒక గ్లాసు నెత్తిన పోసుకోమన్నారు, నడిచిన ఆ సెకన్లు ముందే లెక్కలో వేసుకున్నారు. దాహం వేసేదాకా ఆగొద్దని ప్రతిసారీ గుర్తు చేశారు. ఉప్పూ నిమ్మరసం కలిపిన నీళ్ళ సీసా తన నడుం బెల్టులో పెట్టుకొచ్చి అవసరమైనవాళ్ళకి ఇచ్చారు.

వాచీల గురించి ఒక మాట. ఫినిష్ దగ్గర నా వాచీ 21.3 చూపించింది, చాలామందికి అలాగే వస్తుంది, కోర్సు తప్పు కొలిచారని గొడవ పడేవాళ్ళూ ఉంటారు. రేసు కోర్సుని మలుపుల్లో అతి దగ్గరి గీత మీద కొలుస్తారు, మనం ఆ గీత మీద పరిగెత్తం, ఆటోని తప్పించుకుని అటు, గుంతని తప్పించుకుని ఇటు పోతాం, జీపీఎస్ కూడా కాస్త అటూ ఇటూ చూపిస్తుంది. అందుకని వాచీలో సరిగ్గా 7:06 చూసుకుంటూ పోతే ఒకటిన్నర నిమిషం ఆలస్యం అవుతుంది. మేడమ్ వాచీలో 7:00 దగ్గరే ఉంచుతారు, పైగా ప్రతి ఐదు కిలోమీటర్లకీ ఎంత టైమ్ ఉండాలో చేతి మీద పెన్నుతో రాసుకుంటారు. వాచీ కంటే దారిలో బోర్డులే ఆవిడకి లెక్క.

తిరుగు దారిలో మా గుంపు చీలిపోవడం మొదలైంది. ఇక్కడ ఈ సర్వీసులో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు, ఒక్కో టైమ్‌కి ఇద్దరు పేసర్లు. ఒకరు జెండాతో కచ్చితంగా టైమ్ మీద పోతారు, ఇంకొకరు వెనక ఉండి జారిపోతున్నవాళ్ళని చూసుకుంటారు. పదిహేడు దగ్గర మాతో ఉన్న ఒక టీచరమ్మ ఆగిపోతానంటే మేడమ్ ఆగలేదు, ఆగకూడదు కూడా, ఎందుకంటే వెనక ఇంకా పదిమంది ఆ జెండానే నమ్ముకుని వస్తున్నారు. రెండో పేసర్, డిగ్రీ చదివే కుర్రాడు, ఆవిడ పక్కకి వచ్చి, "అత్తా, ఆ కరెంటు స్తంభం దాకా పరిగెత్తు, ఆ తర్వాత నడుద్దాం" అంటూ స్తంభం నుంచి స్తంభానికి తీసుకొచ్చాడు. ఆవిడ 2:36కి వచ్చారు. వేరే ఊళ్ళో ఒక పెద్ద రేసులో నేను చూసిన పేసర్ అయితే తన జెండా టైమ్ కంటే నాలుగు నిమిషాలు ముందే, వెనక ఒక్క మనిషి కూడా లేకుండా ఫినిష్ దాటి ఫొటోలు దిగాడు. దాన్ని పేసింగ్ అనరు.

మా మేడమ్ 2:29:20కి దాటారు, నేను ఆవిడ వెనకే.

బాగాలేనివి కూడా చెప్పాలి, చెప్తేనే వచ్చేసారికి మారతాయి. 2:00 గ్రూపులో ఇద్దరిలో ఒక పేసర్ మొదటి నాలుగు కిలోమీటర్లు 5:25తో తీసుకుపోయాడట, చివర్లో ఉపయోగపడుతుందని ముందే టైమ్ మిగిల్చుకుందామని. నా స్నేహితుడు ఆయనతోనే ఉండి పదహారు దాకా తట్టుకుని తర్వాత పిక్కలు పట్టేసి 2:08కి వచ్చాడు. ముందు మిగిల్చిన ఒక నిమిషానికి వెనక ఐదారు నిమిషాలు కట్టాల్సి వస్తుంది, ఈ పద్ధతి పేసర్లకి అసలు పనికిరాదు. ఆ రిటైర్డ్ జవాను దగ్గర ఉన్నవాళ్ళు మాత్రం 1:59 లోపు వచ్చారు, అంటే ఒకే జెండా కింద రెండు రకాల రేసులు జరిగాయి. ముందే ఇద్దరూ కూర్చుని ఒక ప్లాన్ అనుకోవాలి.

జెండాలు చీకట్లో కనిపించవు. ముదురు నీలం గుడ్డ మీద ఎరుపు అంకెలు, తెల్లారేదాకా ఎవరు ఏ గ్రూపో తెలియక జనం అరుచుకుంటూ వెతుక్కున్నారు. తెల్ల గుడ్డ మీద నల్ల అంకెలు వేసి, ఒక చిన్న లైటు కట్టినా సరిపోతుంది, పెద్ద ఖర్చేం కాదు.

మొత్తం పేసర్లలో ఆడవాళ్ళు ఒక్కరే, మా మేడమ్. నా లాంటివాళ్ళు చాలామంది 2:30 గ్రూపులో చేరడానికి కారణం ఆవిడే, చీకట్లో రోడ్డు మీదకి రావడానికి ఇంట్లో ఒప్పుకున్నదీ ఆవిడ పేరు చెప్పే. లాంగ్ రన్ అయ్యాక ఎవరు ఎలా ఇంటికి చేరారో గ్రూపులో మెసేజ్ వచ్చేదాకా చూస్తారు. ప్రతి గ్రూపుకీ కనీసం ఒక మహిళా పేసర్ ఉంటే వచ్చే ఆడవాళ్ళ సంఖ్య మారిపోతుంది, ఇది నేను గట్టిగా నమ్ముతున్నాను.

అన్నిటికంటే పెద్ద లోటు, 2:30 తర్వాత ఎవరూ లేరు. మొదటిసారి దిగేవాళ్ళు, యాభై దాటినవాళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే, వాళ్ళకే తోడు అవసరం, వాళ్ళనే ఒంటరిగా వదిలేస్తున్నాం. వెనక వచ్చేసరికి నీళ్ళ పాయింట్లు ఎత్తేస్తున్నారని కూడా విన్నాను, జెండాతో ఒక గుంపు వస్తోందంటే ఎవరూ అలా ఎత్తేయరు. 2:45కి ఒకరు, 3:00కి ఇద్దరు కావాలని ఆర్గనైజర్లకి రాశాను. 3:00 అంటే కిలోమీటరుకి 8:32, నాలుగు నిమిషాలు పరుగు ఒక నిమిషం నడక పద్ధతిలో హాయిగా చేయొచ్చు. మిగతావాళ్ళు దొరక్కపోయినా ఆ జెండా ఒకటి నాకివ్వండని చెప్పాను, ఒప్పుకున్నారు. ఆదివారాలు స్టేడియం గేటు దగ్గర ఐదింటికి 8:30 వేగంతో మొదలుపెడుతున్నాం, ఎవరైనా రావచ్చు, నీళ్ళ సీసా తెచ్చుకోండి, కొత్త బూట్లతో మాత్రం రావొద్దు.