హ్యాండ్‌బ్రేక్: చిన్న ప్లేయర్‌లో సినిమా మాటలు వినబడాలంటే

డీవీడీల్లోని పాత సినిమాలను ప్రయాణంలో చూసుకుందామని చిన్న ప్లేయర్‌కు సరిపడే ఎంపీ4 ఫైళ్లుగా మార్చుకున్నవారిలో చాలామందికి ఈ ఇబ్బంది అనుభవమే: టీవీలో ఖంగుమని వినిపించిన సినిమా ఇయర్‌ఫోన్‌లలో నూతిలోంచి వస్తున్నట్టుంటుంది, వాల్యూమ్ చివరిదాకా పెంచినా బస్సు హోరులో సంభాషణ అందదు. ఈ పనికి నేను చాలాకాలంగా వాడుతున్నది హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. 2003లో ఎరిక్ పెటిట్ బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ ఇప్పుడు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. బొమ్మ నాణ్యతను మెచ్చుకున్నవారు ఇప్పటికే ఎందరో ఉన్నారు కనుక శబ్దం సంగతికే పరిమితమవుతాను.

చాలాసార్లు తప్పు ప్లేయర్‌ది కాదు. డీవీడీలోని 5.1 ట్రాకులో, అంటే ఆరు ఛానళ్లుగా విడదీసిన శబ్దంలో, మాటలు ఎక్కువగా మధ్య ఛానల్‌లో ఉంటాయి. అన్ని ఛానళ్లనూ స్టీరియోలోకి కుదించేటప్పుడు మొత్తం హద్దు దాటి శబ్దం పగలకుండా మధ్య ఛానల్ స్థాయిని తగ్గించి కలపడం పరిపాటి. పైగా థియేటర్ కోసం చేసిన మిక్సింగ్‌లో గుసగుసకూ పేలుడుకూ మధ్య ఎడం చాలా ఎక్కువ; నిశ్శబ్దమైన హాలులో అది అందమే గాని ఆర్టీసీ బస్సులో కాదు.

హ్యాండ్‌బ్రేక్ ఆడియో విభాగంలో దీనికి రెండు అమరికలున్నాయి. మొదటిది గెయిన్, అంటే మొత్తం శబ్దాన్ని ఒకే మోతాదులో పెంచేది; దీనితో 20 డెసిబెళ్ల దాకా పెంచుకోవచ్చు. 6 డెసిబెళ్లు పెంచితేనే తరంగం ఎత్తు రెట్టింపవుతుంది. ఎవరి చెయ్యయినా మొదట దీనిమీదికే పోతుంది, నాదీ అంతే. అయితే ఇది మాటలతోపాటు పోరాటాలనూ అంతే పెంచుతుంది కనుక 10 పెట్టి మార్చిన సినిమాలో ప్రతి దెబ్బా గరగరమంది. ఫైలులోకి ఒకసారి ఎక్కిన ఆ గరగర మళ్లీ పోదు.

అసలు మందు రెండోదైన డి.ఆర్.సి. (డైనమిక్ రేంజ్ కంప్రెషన్), అంటే పెద్ద, చిన్న శబ్దాల మధ్య ఎడాన్ని తగ్గించేది. డీవీడీల్లో తరచుగా ఉండే ఏసీ3 (డాల్బీ డిజిటల్) ట్రాకులోనే పొందుపరచి ఉన్న సూచనలను అనుసరించి ఇది పెద్ద శబ్దాలను అణచి, చిన్న శబ్దాలను పైకి తెస్తుంది. సున్నా నుంచి 4 దాకా ఉన్న ఈ కొలతలో 1.5కూ 2.5కూ మధ్య నాకు బాగుంది. అంతకు మించితే సంగీతంలో ఎత్తుపల్లాలు చదునైపోతాయి. ముందు దీన్ని 2 దగ్గర పెట్టి, చాలకపోతేనే గెయిన్ 3 డెసిబెళ్లు కలపాలి. ప్రివ్యూ సదుపాయంతో, సినిమాలో అన్నిటికన్నా గోలగా ఉన్న ఘట్టాన్ని అర నిమిషం మార్చి, అదే ప్లేయర్‌లో, అదే ఇయర్‌ఫోన్‌లతో విని చూడడం మంచిది.

పరిమితులూ ఉన్నాయి. డి.ఆర్.సి. ఏసీ3 మూలానికే పనిచేస్తుంది. ఫోనుతో తీసిన పెళ్లి వీడియోకు గెయినే గతి. ట్రాకును పాస్‌త్రూలో, అంటే మార్చకుండా నకలు చేసే పద్ధతిలో, ఉంచితే శబ్దం ఉన్నదున్నట్టు వెళ్లిపోతుంది కాబట్టి ఈ రెండు అమరికలకూ ఫలితముండదు. శబ్దాన్ని తానే కొలిచి సరిచేసే ఏర్పాటు ఇందులో లేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మరో ఉచిత ప్రోగ్రామ్‌లోని లౌడ్‌నార్మ్ అనే ఫిల్టర్ ఆ పని చక్కగా చేస్తుంది కాని ఆదేశాలు టైపు చేసే ఓపిక కావాలి. పాతిక సీరియల్ భాగాలను వరుసగా మార్చేవారికి ఆ శ్రమ గిట్టుబాటవుతుంది, వారానికొక సినిమా మార్చుకునే నాకు కాదు.