విజయనగరంలో పాత కారు కొంటున్నారా? తాళం తిప్పగానే ఫ్యాను చూడండి

గత నెల విజయనగరంలో పాత కార్లు అమ్మే ఒక షెడ్డులో 2,35,000 రూపాయలు పోసి తొమ్మిదేళ్ల పెట్రోలు కారు కొన్నాను. పదకొండో రోజున అరసవల్లి దారిలో బానెట్ కింద నుంచి ఆవిరి కక్కింది.

కొనే ముందు నడిపి చూడలేదా అంటారేమో. చూశాను. తెల్లవారి ఏడింటికి, నాతవలస వైపు ఖాళీ రోడ్డు మీద! టెంపరేచర్ ముల్లు కింది గీత దాటి లేవనే లేదు. "చూశారా సార్, ఇంజను ఎంత చల్లగా ఉందో" అని అమ్మినతను అంటే మురిసిపోయాను. అసలు అనుమానించాల్సింది అక్కడే.

ఆ ఆదివారం అమ్మను సూర్యనారాయణ స్వామి దర్శనానికి తీసుకెళ్లాను. జాతీయ రహదారి మీద ఏ ఇబ్బందీ లేదు. ఎనభైలో వెళుతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది కదా. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దాటి, ఆటోల వెనక నత్తనడక మొదలయ్యాక ముల్లు లేచింది. ఏసీ వేడిగాలి వదిలింది, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. పార్కింగు కనిపిస్తూనే ఉంది కదా అని ఆపకుండా పోనిచ్చాను. ఆ తప్పు మాత్రం నాదే. "స్వామి గుడిలో లేడురా, నీ బండిలోనే ఉన్నాడు" అంది అమ్మ.

మెకానిక్ వచ్చి, రేడియేటర్ మూత జోలికి పోకుండా ముప్పావుగంట ఆగాడు. వేడి మీద తిప్పితే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. చల్లారాక తీస్తే లోపల కూలెంటు చుక్క లేదు, ఇటుకపొడి కలిపినట్టు తుప్పునీళ్లు. ఫ్యాను మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే గిర్రున తిరిగింది. అంటే మోటారు మంచిదే. ఫ్యానుకు కరెంటు కలిపి ఆపే స్విచ్చు, అంటే రిలే, కూర్చునే చోటు మాడిపోయి ఉంది. దాన్ని బాగుచేయకుండా ఇగ్నిషన్ నుంచి ఫ్యానుకు ఒక వైరు లాగి, ఫ్యూజు కూడా లేకుండా మెలిపెట్టి టేపు చుట్టారు. ఆ టేపే కరిగి జిగురై నా వేలికి అంటుకుంది.

అంతటితో అయిపోలేదు. థర్మోస్టాట్ ఉండాల్సిన గూడు ఖాళీ! చాలా కార్లలో అది 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుని అప్పుడే నీటిని రేడియేటర్‌కు వదులుతుంది. దాన్ని పీకేస్తే ఖాళీ రోడ్డు మీద ముల్లు లేవదు, కొనేవాడు మురిసిపోతాడు.

హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు), హెడ్ ఫేసింగ్ (ఆ హెడ్ అడుగును చదును చేయడం), రేడియేటర్, వైరింగు అన్నీ కలిపి 21,400 రూపాయలయ్యాయి. మొదట్లోనే చేయించి ఉంటే వందలతో పోయే పని.

కారు చూడటానికి వెళితే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మరోపూట వస్తామని చెప్పండి. చల్లటి ఇంజనులో ఏసీ ఆపి తాళం తిప్పగానే ఫ్యాను తిరిగితే ఎవరో వైరు మార్చారనో, సెన్సారు పోయిందనో అనుమానించాలి. తర్వాత ఏసీ వేయకుండానే బండిని నిలబెట్టే ఉంచి ఇరవై, పాతిక నిమిషాలు ఇంజను నడవనివ్వండి. ముల్లు మధ్యకు రావాలి, ఫ్యాను తనంతట తాను మొదలై కాసేపటికి ఆగాలి. ఆయిల్ మూత అడుగున పాలు కలిపిన కాఫీ లాంటి జిడ్డు కనిపిస్తే బేరమే వద్దు.

అమ్మినతనికి కాలిన వైరు చూపించాను. నేను సంతకం పెట్టిన కాగితం తీసి, "ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాను" అన్న వాక్యం మీద వేలు పెట్టాడు. వెనక మరో కారు బానెట్ తెరిచి ఉంది, ఎవరో దానికి టేపు చుడుతున్నారు.